ఒకటిన్నరకి లేచిన లాప్‌టాప్

"ఫోన్ ఇలా ఇవ్వండి మేడమ్‌గారూ. లోపల ఫొటోలూ గీటోలూ కుదరవు," అని చెయ్యి చాపాడు ఇన్‌స్పెక్టర్.

ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలో దొంగ క్లెయిముల వెంట తిరిగినదాన్ని నేను. కాలిపోయిన గోడౌన్లలో బూడిద జల్లించాను. చచ్చిపోయాడని క్లెయిము పెట్టిన మనిషిని, మంగలి కుర్చీలో గడ్డం గీయించుకుంటుండగా పట్టుకున్నాను. నాకా నీతులు? ఒళ్ళు మండిపోయింది. కానీ ఈ గదిలో కాలు పెట్టాలంటే ఆయన ఒప్పుకోవాలి. నోరు మూసుకుని ఫోన్ ఇచ్చేశాను.

"ఇప్పుడు మూడూ నాలుగు," అన్నాడు వాచీ చూసుకుంటూ. "నాలుగింటికి ఆడ కానిస్టేబుల్‌ని తీసుకొచ్చి ఈ ఇంటి కోడల్ని స్టేషన్‌కి పట్టుకెళ్తాను. నాలుగంటే నాలుగే. ఈలోగా మీ ముచ్చట తీర్చుకోండి."

స్టేషన్లో ఈయన్ని అందరూ నిమిషాలాయన అంటారు. రిపోర్టులో 'మధ్యాహ్నం' అని రాయడు, 'పన్నెండూ నలభై ఒకటి' అని రాస్తాడు. ఆయనలో నాకు నచ్చే గుణం అదొక్కటే.

గది పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. ఒక మంచం, దాని పక్కన ఆక్సిజన్ మిషను, మంచానికీ గోడకీ మధ్య ఇరికించిన బల్ల, బల్ల మీద లాప్‌టాప్. గుమ్మం పక్కన నాలుగు స్విచ్చుల బోర్డు. ముగ్గురం నిలబడితే ఒకరి ఊపిరి ఇంకొకరికి తగులుతోంది. మంచం అంచున ముడుచుకు కూర్చున్న కోడలు మూడు రోజులుగా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. వాళ్ళక్క నా దగ్గరికొచ్చి ఏడవబట్టి ఈ కేసులో దిగాను.

సంగతి ఇదీ. ఈ అమ్మాయి మావగారు కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు పాడై ఎనిమిది నెలలుగా ఈ మంచంలో, ఈ మిషను మీదే బతికాడు. మంగళవారం మధ్యాహ్నం పోయాడు. పోవలసిన ప్రాణమే పోయిందని అందరూ అనుకునేవారు. కానీ మిషనుకి ఎంతసేపు నడిచిందో లెక్కపెట్టే మీటరు ఉంది. కోడలే రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఆ అంకె చార్టులో రాస్తుంది. మంగళవారం మూడింటికి నిమిషాలాయన వచ్చి చూస్తే ఏడు గంటలు తిరగాల్సిన మీటరు ఇరవై నాలుగు నిమిషాలు తక్కువ తిరిగింది. ఎవరో మిషను ఆపి, ఆయన ప్రాణం పోయాక మళ్ళీ వేశారు. కరెంటు పోతే కుయ్యిమనాల్సిన అలారం ఎప్పుడో చెడిపోయింది.

"అమ్మాయ్, మంగళవారం నువ్వెక్కడున్నావ్? మొదట్నుంచీ చెప్పు," అన్నాను.

"చెప్పాను కదా మేడమ్, ఇప్పటికి పదిసార్లు చెప్పాను."

"పదకొండోసారి నాకు చెప్పు."

"ప్రతి మంగళవారం మావయ్యగారి రక్తం శాంపిల్ తీసుకుని ల్యాబ్‌కి వెళ్తాను. ఒంటిగంటకి పదిహేను నిమిషాలు తక్కువలో తాళం వేసి బయల్దేరాను. రిపోర్టు వచ్చేదాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. రెండుంబావుకి తిరిగొచ్చాను. వచ్చేసరికి... ఆయన చెయ్యి చల్లగా ఉంది మేడమ్."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ల్యాబ్‌లో టోకెన్ పన్నెండూ యాభై ఎనిమిదికి తీసుకుంది. రిపోర్టు రెండూ అయిదుకి తీసుకుంది. మధ్యలో గంటా ఏడు నిమిషాలు ఈవిడ బెంచీ మీద ఉన్నట్టు చూసినవాడు లేడు. నడిస్తే పది నిమిషాల దారి. ఇంటి తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి మొగుడి దగ్గర, అతను పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా కోల్డ్ స్టోరేజీలో డ్యూటీ, పంచ్ కార్డు ఉంది. రెండోది ఈవిడ దగ్గర. ఇక ఇది వినండి. సరిగ్గా ఒకటీ ముప్ఫైకి ఆ లాప్‌టాప్ నిద్ర లేచింది. మా టెక్నీషియన్ తీసిన లెక్క. ముట్టుకోకుండా దానంతటదే లేస్తుందా మేడమ్‌గారూ?"

"లేస్తుంది."

"ఏమిటీ?"

"లేస్తుందయ్యా బాబూ. మా ఇంట్లోది ఒకరోజు నేను తలంటుకుంటుంటే దానంతటదే లేచి గుర్రుమంటే, దొంగ దూరాడనుకుని చీపురు పట్టుకుని వెళ్ళాను. చూస్తే వైరస్ స్కాను. టైము పెట్టి, 'నిద్రలో ఉంటే లేపి స్కాన్ చెయ్యి' అని టిక్కు పెడితే చాలు. అమ్మాయ్, నువ్వేమైనా అలా పెట్టావా?"

ఆమె తలెత్తింది. "పెట్టాను మేడమ్. నేను ఆస్పత్రి రికార్డులు టైపు చేస్తాను. వారానికోసారి కంప్యూటర్ మొత్తం స్కాన్ చేసి, ఆ రిపోర్టు వాళ్ళకి మెయిల్ చెయ్యాలి. లేకపోతే పని ఇవ్వరు. స్కాన్ నడుస్తుంటే నత్తలా ఉంటుంది, టైపింగ్ సాగదు. అందుకని నేను ల్యాబ్‌లో ఉండే టైము చూసి మంగళవారం ఒకటిన్నరకి పెట్టాను."

"విన్నారా?" అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. గర్వంగానే అన్నాను, దాచడం దేనికి.

ఆయన మొహం ఒక్క క్షణం వాడింది. అంతే, మళ్ళీ సర్దుకున్నాడు. "సరే, దానంతటదే లేచింది. అయితే లాప్‌టాప్ సాక్ష్యం పోయింది. ఈవిడ ఇంట్లో ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు. నాకు మీటరుంది, తాళముంది. ఇరవై నాలుగు నిమిషాలు స్విచ్ ఆపడానికి గాలి రాదు కదా మేడమ్‌గారూ, మనిషి రావాలి. ఆ మనిషి దగ్గర తాళంచెవి ఉండాలి."

చెంప మీద కొట్టినట్టు చెప్పాడు.

మూడూ ఇరవై రెండుకి బయటికి నడిచాడు. వరండా గ్రిల్లుకి బయటనుంచి తాళం పడిన చప్పుడు వినిపించింది. మెట్ల మీద కూర్చున్న ఆ అమ్మాయి మొగుడితో ఆయన అంటున్నాడు: "తాళంచెవి నీ దగ్గరుంచు. నేనొచ్చేదాకా ఎవర్నీ బయటికి వదలొద్దు."

"ఇదేం అన్యాయం! నన్నూ కలిపి తాళం వేశాడా?" అని గ్రిల్లు దాకా వెళ్ళి అరిచాను. జీపు వెళ్ళిపోయింది.

"కాసేపే కదా ఆంటీ. మంచినీళ్ళు కావాలా?" అన్నాడు మొగుడు. నెమ్మదైన మనిషి. కళ్ళ కింద నల్లటి చారలు, డ్యూటీ చొక్కా ఇంకా విప్పలేదు. ఆంటీ అంటే నాకు ఎక్కడో కాలుతుంది, కానీ ఆ సమయంలో పాపం అనిపించింది. తండ్రి పోయాడు, పెళ్ళాం మీద కేసు.

"మా ఆవిడకి మీరైనా చెప్పండి ఆంటీ. మిషను స్విచ్ ఆపానేమో గుర్తులేదు, పొరపాటు జరిగిందేమో అనమనండి. పొరపాటుకి ఉరి వెయ్యరు కదా. తను మొండికేస్తోంది."

లోపలికొచ్చాక ఆ మాట చెబితే కోడలు కళ్ళు తుడుచుకుంది. "మూడు రోజులుగా అదే అంటున్నారు. జరగనిది జరిగిందని ఎలా చెప్పను మేడమ్? ఈ ఇంట్లో స్విచ్చుల విషయంలో నేను పొరపాటు చెయ్యను. మావయ్యగారు చెయ్యనివ్వరు."

"అంటే?"

"గదిలోంచి కదిలితే మిషను స్విచ్ తప్ప మిగతా మూడూ ఆపాల్సిందే. లాప్‌టాప్‌ది, ఇంటర్నెట్ పెట్టెది, ఫ్యానుది. 'ముప్ఫయ్యేళ్ళు కరెంటుతో కాపురం చేసినవాణ్ణి, దాని సంగతి నాకు తెలుసు' అనేవారు. నేను గుమ్మం దాటేలోపు మంచంలోంచే అడిగేవారు, ఆపావా అని. ఆపాను మావయ్యా అంటేనే కళ్ళు మూసుకునేవారు."

నా బుర్రలో ఏదో కదిలింది. కదిలితే నాకు కూర్చోబుద్ధి కాదు, కానీ ఆ గదిలో నడవడానికి చోటేదీ? మంచం కోడు తగిలి మోకాలు పగిలినంత పనైంది.

"ఉండుండు. స్విచ్ ఆపేస్తే లాప్‌టాప్ బ్యాటరీ మీద నిద్రపోతుంది కదూ?"

"అవును."

"బ్యాటరీ మీద ఉంటే అది ఎవరి టిక్కునీ లెక్కచెయ్యదమ్మాయ్. చార్జింగ్ అయిపోతుందని లేవదు. స్విచ్చులు వెయ్యి. నువ్వు ఆస్పత్రికి పంపిన పాత స్కాన్ రిపోర్టులన్నీ తియ్యి."

ఆమె లేచి లాప్‌టాప్‌దీ, ఇంటర్నెట్‌దీ స్విచ్చులు వేసింది. మెయిల్ తెరిచి ఒక్కొక్క రిపోర్టూ చూపించింది. ఎనిమిది మంగళవారాలు. స్కాన్ మొదలైన టైము రెండూ ఇరవై ఆరు, రెండూ ముప్ఫై, మూడూ రెండు, రెండూ ఇరవై నాలుగు... ఒక్కటంటే ఒక్కటి ఒకటిన్నరకి లేదు.

"ఇది పాడైపోయిందనుకున్నాను మేడమ్," అంది. "ఎన్నిసార్లు టైము మార్చి పెట్టినా నేనొచ్చి తెరిచాకే మొదలయ్యేది. దిక్కుమాలినదని తిట్టుకునేదాన్ని."

"అది మంచిదే. తప్పిపోయిన స్కాను నువ్వు లేపాక చేసుకునేది. మరి ఈ మంగళవారం?"

తొమ్మిదో రిపోర్టు తీసింది. ఒకటీ ముప్ఫై, సున్నా సెకన్లు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నువ్వు ఆరోజు స్విచ్ ఆపడం మర్చిపోయి ఉండొచ్చుగా?" కావాలనే గుచ్చాను. ఇన్‌స్పెక్టర్ అడగబోయేది అదే.

"మర్చిపోలేదు! నా పిల్లల మీద ఒట్టు, ఇంకా పుట్టలేదు గానీ పుట్టబోయే వాళ్ళ మీద ఒట్టు!"

అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది ఇద్దరికీ. కానీ ఒట్లు నిమిషాలాయనకి పనికిరావు, అంకెలు కావాలి. బీమాలో ఉన్నప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ పేలిందని క్లెయిములు వచ్చేవి. ఎప్పుడు చార్జరు మీద ఉందో, ఎప్పుడు బ్యాటరీ మీద ఉందో ఆ పెట్టె తన లోపల తనే రాసుకుంటుంది. ఆ రిపోర్టు తీయించడం నాకు వచ్చు. నేను చెబుతుంటే ఆమె టైపు చేసింది. మంగళవారం వరసలు నాలుగు వచ్చాయి. పన్నెండూ నలభై ఒకటి, బ్యాటరీ మీద. పన్నెండూ నలభై రెండు, నిద్ర. ఒకటీ ముప్ఫై, మెలకువ. ఆ మెలకువ పక్కన, చార్జరు మీద.

"బతికిపోయావే అమ్మాయ్!" అని ఆ పిల్ల వీపు మీద ఒక్కటి చరిచాను. "నువ్వు పన్నెండూ నలభై ఒకటికి ఆపావు. ఒకటిన్నర అయ్యేలోపు ఎవరో మళ్ళీ వేశారు. లాప్‌టాప్‌తో పనుండి కాదు. మిషను ఆపితే నాలుగు స్విచ్చులూ ఒక్కలాగే ఉంటాయి. ఇరవై నాలుగు నిమిషాల తర్వాత తిరిగి వెయ్యబోతే ఏది మిషనుదో గుర్తులేదు. చేతులు వణుకుతుంటాయి. నాలుగూ వేసి పారిపోయాడు. రోజూ ఈ బోర్డు వాడే నువ్వు ఆ తప్పు చేస్తావా?"

కోడలు బోర్డు వైపు చూసింది. "ఫ్యాను తిరుగుతోంది."

"ఏ ఫ్యాను?"

"నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి మావయ్యగారి మీద ఫ్యాను తిరుగుతోంది. ఆయనకి ఫ్యాను పడదు, దగ్గొస్తుంది. నేనే ఆపాను. ఆయన చెయ్యి పట్టుకున్నాక ఇంక నాకు ఏదీ గుర్తులేదు మేడమ్. ఇప్పుడు మీరంటే..."

"ఇన్‌స్పెక్టర్‌కి చెప్పలేదేం?"

"ఆయన ఎప్పుడు, ఎంతకి అని అడిగారు గానీ, ఏం చూశావని అడగలేదు."

టైము మూడూ నలభై మూడు. ఎవరో వచ్చారని తేలింది. వచ్చినవాడి దగ్గర తాళంచెవి ఉంది. ఇక నేను అడగాల్సిన ప్రశ్న ఒకటే, అది నోటిదాకా వచ్చి ఆగింది. పంచ్ కార్డు అంటే అట్టముక్క. దాన్ని ఎవరి చేత్తో గుద్దినా గుద్దుకుంటుంది. కానీ ఈ అమ్మాయి మొహం చూస్తూ ఆ మాట ఎలా అనను?

అనాల్సిన అవసరం రాలేదు. ఆస్పత్రికి పంపే ఆ స్కాన్ రిపోర్టుకి రెండో పేజీ ఉంది.

"ఇదేమిటి?"

"ఎవరూ చదవరు మేడమ్. స్కాన్ మొదలైనప్పుడు ఇంటి ఇంటర్నెట్‌లో ఏమేం కలిసి ఉన్నాయో చూసి రాస్తుంది. తెలియని ఫోన్ ఏదైనా దూరితే తెలియడానికి. పేర్లు పెట్టుకోమంటే నేనే పెట్టాను."

పాత రిపోర్టుల్లో ఎప్పుడూ మూడుండేవి. 'లాప్‌టాప్', 'నా ఫోన్', 'నిద్రమొహం' అని. ఈ మంగళవారం రెండే ఉన్నాయి. ఆమె ఫోన్ లేదు, ఎందుకంటే ఆమె ఆ సమయానికి ఇంట్లో లేదు. లాప్‌టాప్ ఉంది. దాని కింద 'నిద్రమొహం' ఉంది.

ఆమె వేళ్ళు కీబోర్డు మీద అలాగే ఉన్నాయి.

"డ్యూటీ నుంచి రాగానే పడుకునేవారు," అంది. "అందుకని సరదాగా అలా పెట్టాను. ఆయన ఫోన్ అది. ఈ గదిలో ఇంటర్నెట్ రాగానే దానంతటదే కలుస్తుంది. పొరపాటు అని ఒప్పుకోమన్నారు మేడమ్. నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. నన్ను కాపాడ్డానికే అనుకున్నాను," అంది.

నేను ఆ అమ్మాయి తల నిమిరాను. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత నా పాత ఉద్యోగం నన్ను తట్టి లేపింది. గ్రిల్లుకి తాళం. తాళంచెవి అతని దగ్గర. నా ఫోన్ ఇన్‌స్పెక్టర్ జేబులో.

"నీ ఫోనేదీ?"

"మంగళవారమే తీసుకున్నారు స్టేషన్‌కి."

"అయితే మెయిలే దిక్కు. ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన కార్డు మీద ఆయన అడ్రసుంది. రెండు రిపోర్టులూ పెట్టి పంపించు. నాలుగు మాటలు చాలు. త్వరగా."

రిపోర్టులు జత చేసింది. అడ్రసు కొట్టింది. 'పంపు' అన్నదాని మీద బాణం గుర్తు ఆగిపోయింది.

"పంపితే ఆయన్ని తీసుకెళ్ళిపోతారు," అంది.

"పంపకపోతే నిన్ను తీసుకెళ్తారు. నువ్వు చెయ్యని పనికి."

"నాకు తెలుసు మేడమ్. ఒక్క నిమిషం."

ఆ ఒక్క నిమిషంలోనే గ్రిల్లు తాళం తీసిన చప్పుడైంది. తలుపు కిర్రుమంది. మళ్ళీ తాళం పడింది, ఈసారి లోపలినుంచి. చెప్పుల చప్పుడు హాలు దాటి వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఏమైనా దొరికిందా ఆంటీ?"

"ఏం దొరుకుతుంది నాయనా, పాత ఉత్తరాలు," అన్నాను.

అతను నన్ను చూడలేదు, పెళ్ళాన్ని చూశాడు. కాపురం చేసినవాళ్ళకి మొహం చదవడానికి ఎంతసేపు పడుతుంది.

"ఏం రాస్తున్నావ్?"

ఆమె వెనక్కి తిరిగింది. ఏడవడం లేదు. "మంగళవారం ఫ్యాను వేసి వెళ్ళింది మీరేనా అండీ?"

ఎదురుగా ఉన్న ఆక్సిజన్ మిషను వైపు చూస్తూ చెప్పాడు. "ఎనిమిది నెలలు. పగలూ రాత్రీ ఆ మోత. తెల్లారుజామున నాలుగింటికి లేవాలి నేను. కళ్ళు మూస్తే మోత, తెరిస్తే మోత. చలి గదుల్లో పెట్టెల మీద పెట్టెలు పేర్చే పని నాది, నిద్ర తూగితే మీద పడతాయి. ఒక్క అరగంట ఆపి ఇక్కడే కూర్చుని కళ్ళు మూసుకుందామనుకున్నాను. అంతే అనుకున్నాను. తెరిచేసరికి నాన్న... నువ్వు పొరపాటు అని ఉంటే సరిపోయేది. నీకు చెప్పాను కదా, అలా అనమని."

"మావయ్యగారు పిలవలేదా?" అంది ఆమె. "ఊపిరాడనప్పుడు మంచం పట్టె మీద కొట్టేవారు కదా. వినిపించలేదా మీకు?"

అతను తల దించుకున్నాడు. వినిపించిందని ఆ దించడంలోనే తెలిసిపోయింది. ఆమెకీ తెలిసింది, ఎందుకంటే అప్పుడే 'పంపు' నొక్కింది.

ఆ చిన్న చప్పుడుకి అతను తలెత్తాడు. గుమ్మం పక్కనే బోర్డు. అరచేత్తో నాలుగు స్విచ్చులూ ఒక్కసారిగా పైకి తోసేశాడు. అలమారు మీద ఇంటర్నెట్ పెట్టె దీపం ఆరిపోయింది. బ్యాటరీ మీద లాప్‌టాప్ మాత్రం వెలుగుతూనే ఉంది.

"వెళ్ళిందా?" అన్నాడు. తాళంచెవి పిడికిట్లో బిగించి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

నేను ఆమె పక్కనే ఉన్నాను, తెర నాకు కనిపిస్తోంది. 'పంపుతోంది' అన్న మాట పక్కన చిన్న చక్రం ఇంకా తిరుగుతోంది. వెళ్ళలేదు. గోడ గడియారంలో మూడూ యాభై ఒకటి. నిమిషాలాయన నాలుగంటే నాలుగింటికే వచ్చే మనిషి, ఒక్క నిమిషం ముందు కూడా రాడు.

పోలీసులు మూడు రోజులు నిలబెట్టి అడిగినా, మొగుడు కాళ్ళావేళ్ళా పడినా ఒక్క అబద్ధం ఆడని పిల్ల, అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"వెళ్ళిపోయిందండీ," అంది.

అతను ఒక అడుగు లోపలికి వేసి, వెనక తలుపు మూసి గడియ పెట్టాడు.

"ఏదీ," అన్నాడు, "అది ఇటు తిప్పు."